ట్రోపోనిన్ పెరిగితే గుండెకు వాపు వచ్చినట్టేనా? ఇమ్యునోథెరపీలో రక్తపరీక్షలు చెప్పేదీ చెప్పనిదీ

క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే ముందు రాసే రక్తపరీక్షల చీటీలో లివర్, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు చాలాచోట్ల వాటి కింద ఇంకో పేరు చేరుతోంది: ట్రోపోనిన్. గుండెపోటు అనుమానం ఉన్నవాళ్లకు చేసే పరీక్షగానే అది చాలామందికి తెలుసు. అందుకే ఆ పేరు చూడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే గుండె పరీక్ష ఎందుకు? రిపోర్టులో అంకె ఎక్కువగా వస్తే మందు ఆపేస్తారా? నార్మల్ అని వస్తే ఇక భయం లేనట్టేనా?

ఈ ప్రశ్నలకు జవాబు ఒక్క రిపోర్టులో దొరకదు. దానికి ముందు తీసిన రిపోర్టు, తర్వాత తీయబోయే రిపోర్టు, అదే రోజు తీసిన ఈసీజీ, ఒంట్లో కనిపిస్తున్న లక్షణాలు, అన్నీ కలిపి చదివితేనే ఆ అంకెకు అర్థం వస్తుంది. ఎందుకో మొదటినుంచి చూద్దాం.

బ్రేకు తీసే మందు, దారి తప్పే సైన్యం

మన రోగనిరోధక వ్యవస్థలో టీ కణాలనే తెల్లరక్తకణాలు ఉంటాయి. శత్రువు కనిపిస్తే దాడి చేయడం వాటి పని. అవి అతిగా చెలరేగి సొంత ఒంటినే దెబ్బతీయకుండా వాటికి కొన్ని బ్రేకులు ఉంటాయి. సీటీఎల్ఏ-4, పీడీ-1 అనేవి అలాంటి రెండు బ్రేకులు. క్యాన్సర్ కణాలు ఈ బ్రేకులను తమకు అనుకూలంగా వాడుకుంటాయి. టీ కణం దగ్గరికి రాగానే దాని బ్రేకు నొక్కేసి తప్పించుకుంటాయి.

చెక్‌పాయింట్ ఇన్హిబిటర్లు అనే మందులు ఆ బ్రేకును పనిచేయనివ్వవు. ఇపిలిముమాబ్ 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లో అమెరికాలో అనుమతి పొందాయి. ఈ బ్రేకుల సంగతి కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి జబ్బుల్లో అంతకుముందు నెలల్లో లెక్కపెట్టిన ఆయుష్షు కొందరికి ఏళ్లలోకి మారింది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. కింద రాసేదంతా చదివి ఈ మందులంటేనే భయపడితే అది పెద్ద నష్టం.

బ్రేకు తీశాక టీ కణాలు క్యాన్సర్ మీదికే వెళ్లాలని నియమం ఏమీ లేదు. చర్మం మీద, పేగుల మీద, థైరాయిడ్ మీద, ఊపిరితిత్తుల మీద కూడా పడొచ్చు. గుండె కండరం మీద పడితే దాన్ని మయోకార్డైటిస్ అంటారు. తెలుగులో గుండె కండరం వాపు అంటున్నాం. కాలు వాచినట్టు గుండె ఉబ్బిపోవడం కాదిది. బయాప్సీ ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే, పక్కపక్కనే ఒద్దికగా ఉండాల్సిన గుండె కండరం పోగుల మధ్యకు టీ కణాలు, మాక్రోఫేజులనే మరో రకం రోగనిరోధక కణాలు గుంపులుగా చొరబడి కనిపిస్తాయి. వాటి పక్కన కండర కణాలు చచ్చిపోతూ ఉంటాయి.

అరుదే, కానీ తేలిగ్గా తీసుకోలేనిది

2016లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన నివేదిక డాక్టర్ల కళ్లు తెరిపించింది. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకున్న ఇద్దరు మెలనోమా పేషెంట్లు గుండె కండరం వాపుతో చనిపోయారు. ఇద్దరికీ గుండెతోపాటు ఒంటి కండరాలు కూడా దెబ్బతిన్నాయి. మందు తయారీ సంస్థ దగ్గరున్న భద్రతా రికార్డులు తీసి చూస్తే, నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో 0.06 శాతం మందికి, రెండు మందులు కలిపి తీసుకున్నవారిలో 0.27 శాతం మందికి తీవ్రమైన మయోకార్డైటిస్ వచ్చినట్టు తేలింది. తర్వాత జాగ్రత్తగా వెతికిన ఆస్పత్రుల్లో ఈ సంఖ్య పెరిగింది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో అది 1.14 శాతం. జబ్బు పెరిగిందని కాదు, వెతకడం పెరిగింది.

వందమందిలో ఒకరికి, అంతకన్నా తక్కువ మందికి వచ్చేదాని గురించి ఇంత చర్చ ఎందుకంటే, వచ్చినవారిలో ప్రాణనష్టం ఎక్కువ. ఇమ్యునోథెరపీ దుష్ప్రభావాలన్నింటినీ పోల్చి చూసిన 2018 నాటి విశ్లేషణలో మయోకార్డైటిస్ 131 మందిలో 52 మందిని బలి తీసుకుంది. దాదాపు 40 శాతం. మిగతా ఏ దుష్ప్రభావమూ దాని దరిదాపుల్లో లేదు. రికార్డుల్లోకి ఎక్కేవి ఎక్కువగా తీవ్రమైన కేసులే కాబట్టి అసలు శాతం ఇంతకన్నా తక్కువే ఉండొచ్చు. అయినా చిన్న విషయం కాదు.

అది సాధారణంగా తొందరగా వస్తుంది. పైన చెప్పిన 1.14 శాతం అధ్యయనంలో మొదటి డోసు నుంచి జబ్బు బయటపడేదాకా మధ్యస్థంగా 34 రోజులు పట్టింది, అంటే సగం మందికి అంతకన్నా ముందే బయటపడింది. పదిమందిలో ఎనిమిది మందికి మూడు నెలల లోపే వచ్చింది. ఇంకో సంగతి: వారిలో సగం మందికి ఎకో అనే గుండె స్కానింగ్‌లో పంపింగ్ మామూలుగానే ఉంది. ఎకో బాగుందని ధైర్యంగా ఉండటానికి లేదన్నమాట. రక్తపరీక్షల ప్రాధాన్యం ఇక్కడే మొదలవుతుంది. అదే అధ్యయనంలో 94 శాతం మందికి ట్రోపోనిన్ పెరిగింది.

ట్రోపోనిన్ అంటే ఏమిటి

గుండె కండరం ముడుచుకోవడాన్ని, సడలడాన్ని నడిపించే ప్రొటీన్ల ముఠా ట్రోపోనిన్. ఇది కణం లోపల ఉండాల్సిన సరుకు. కణం దెబ్బతింటే బయటికి కారి రక్తంలో కలుస్తుంది. అంటే ట్రోపోనిన్ పెరిగిందంటే గుండె కణాలకు ఏదో దెబ్బ తగిలిందని అర్థం. ఆ దెబ్బ ఎవరు కొట్టారో అది చెప్పదు. రక్తనాళం మూసుకుపోవడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్, హార్ట్ ఫెయిల్యూర్, ఏళ్లుగా ఉన్న కిడ్నీ జబ్బు, అంతకుముందు తీసుకున్న ఆంత్రాసైక్లిన్ రకం కీమోథెరపీ, వీటిలో ఏది కారణమైనా అంకె పెరుగుతుంది. క్యాన్సర్ పేషెంట్లలో ఇవన్నీ మామూలుగా కనిపించేవే.

రిపోర్టులో ఉండే గరిష్ఠ పరిమితి ఎలా వచ్చిందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఆరోగ్యంగా ఉన్న వందమందికి పరీక్ష చేస్తే 99 మంది ఏ అంకెకు లోపల ఉంటారో అదే గీత. హై-సెన్సిటివిటీ ట్రోపోనిన్ టీ పరీక్షలో ఎక్కువగా వాడే గీత లీటరుకు 14 నానోగ్రాములు. ఆ గీత ఆరోగ్యవంతులను కొలిచి గీసింది. డెబ్బై ఏళ్లు దాటి, బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉండి, పైన క్యాన్సర్ కూడా ఉన్న మనిషి కోసం గీసింది కాదు.

ఇద్దరు పేషెంట్లను ఊహించుకుందాం. మొదటాయనకు చాలాకాలంగా కిడ్నీ జబ్బు ఉంది. మొదటి డోసుకు ముందు ట్రోపోనిన్ టీ 22. రెండో డోసుకు ముందు 24, మూడో డోసుకు ముందు 23. మూడు రిపోర్టుల్లోనూ ఎక్కువ అనే గుర్తు ఉంది. కానీ అంకె కదలలేదు. గుండె మీద కొత్తగా దాడి జరుగుతోందనడానికి ఇందులో ఆధారం లేదు.

రెండో ఆవిడకు ఏ గుండె జబ్బూ లేదు. మొదటి డోసుకు ముందు 5. రెండో డోసుకు ముందు 13. రిపోర్టులో ఏ గుర్తూ లేదు, ఎందుకంటే 13 ఇంకా గీతకు లోపలే ఉంది. కానీ మూడు వారాల్లో రెండు రెట్లు దాటింది. మెట్లు ఎక్కుతుంటే ఈమధ్య ఆయాసంగా ఉందని కూడా ఆవిడ అంటున్నారు. డాక్టరు వెంటనే ఈసీజీ తీయించి, ఒకటి రెండు రోజుల్లో ట్రోపోనిన్ మళ్లీ చూస్తారు. అప్పుడు 61 వచ్చిందనుకోండి, ఇక అది ఎమర్జెన్సీ.

మొదటి డోసుకు ముందు రక్తం తీయకపోయి ఉంటే మొదటాయన మందు అనవసరంగా ఆగేది, రెండో ఆవిడ 13 ఎవరి కంటా పడేది కాదు. అందుకే, నన్నడిగితే, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పరీక్ష జబ్బు లేనప్పుడు చేసేదే.

యూనిట్లు మారితే గుండె ఆగినంత పని

ఒక ల్యాబ్ రిపోర్టులో 0.014 అని ఉంటుంది, ఇంకో ల్యాబ్‌లో 14 అని ఉంటుంది. వెయ్యి రెట్లు పెరిగిందని కంగారు పడిపోతారు. నిజానికి రెండూ ఒకటే. మొదటిది మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో, రెండోది లీటరుకు నానోగ్రాముల్లో రాశారు. మిల్లీలీటరుకు పికోగ్రాములు అని రాసినా అదే 14 వస్తుంది. అంకెకు ముందు యూనిట్ చూడాలి.

యూనిట్ ఒకటే అయినా పరీక్ష వేరు కావచ్చు. ట్రోపోనిన్‌లో టీ, ఐ అని రెండు రకాలను కొలుస్తారు. ఐ రకానికి ఒక్కో కంపెనీ కిట్‌కు ఒక్కో గీత ఉంటుంది. ఒక నెల టీ, ఇంకో నెల ఐ చేయించి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనుకోవడం కుదరదు. ఒకే ల్యాబ్‌లో ఒకే పరీక్ష చేయించమని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

జుట్టు కోసం, గోళ్ల కోసం వాడే బయోటిన్ బిళ్లల సంగతి కూడా చెప్పాలి. బయోటిన్ మోతాదు ఎక్కువైతే కొన్ని రకాల కిట్లలో ట్రోపోనిన్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. విటమినే కదా అని డాక్టరుకు చెప్పకుండా వదిలేసేది ఇలాంటి వాటినే.

టీ మంచిదా, ఐ మంచిదా: కాలి కండరం తెచ్చిన తగువు

ఇమ్యునోథెరపీ వల్ల వచ్చే గుండె వాపు చాలాసార్లు ఒంటరిగా రాదు. ఒంటి కండరాల వాపు, నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలు తెగిపోయే మయస్తీనియా గ్రావిస్ దానితో కలిసి వస్తాయి. కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మెడ నిలబడకపోవడం, మింగుడు పడకపోవడం లాంటివి ఛాతీ నొప్పి కంటే ముందే కనిపించవచ్చు. సాయంత్రానికి ఒక కన్ను సగం మూసుకుపోతోందంటే నిద్ర చాలలేదేమో అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఇమ్యునోథెరపీలో ఉన్న మనిషికి అది గుండె పరీక్షలు చేయించాల్సినంత ముఖ్యమైన లక్షణం. ఊపిరి తీసే కండరాలు దెబ్బతింటే ప్రాణానికే ముప్పు.

తగువు ఇక్కడే వస్తుంది. దెబ్బతిని మళ్లీ కోలుకుంటున్న ఒంటి కండరం నుంచి వచ్చే ప్రొటీన్ వల్ల కూడా ట్రోపోనిన్ టీ పరీక్షలో అంకె పెరగొచ్చు. ట్రోపోనిన్ ఐకి ఈ ఇబ్బంది చాలా తక్కువ. కాబట్టి గుండెను విడిగా చూడాలంటే ఐ రకమే మేలని ఒక వర్గం డాక్టర్లు అంటారు. టీ పెరిగి, ఐ మామూలుగా ఉంటే దెబ్బ ప్రధానంగా ఒంటి కండరాలకే తగిలిందేమో అని ఆలోచించవచ్చంటారు.

రెండో వర్గం వాదన కూడా బలమైనదే. 2023లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ట్రోపోనిన్ ఐ కంటే టీయే రాబోయే ప్రమాదాన్ని బాగా చెప్పింది. మొదటి 72 గంటల్లో టీ అంకె గరిష్ఠ పరిమితికి 32 రెట్లు దాటినవారిలో తీవ్రమైన గుండె సమస్యలు, మరణాలు ఎక్కువగా కనిపించాయి. 14 గీతగా ఉన్న పరీక్షలో 32 రెట్లంటే సుమారు 450. ఒంటి కండరాల దెబ్బను కూడా పట్టేయడం టీకి లోపం కాదు, ఆ దెబ్బ కూడా ప్రాణాంతకమే కాబట్టి అది ఉపయోగమే అని వీరి మాట. రెండు వాదనలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. దెబ్బ గుండెకేనా అని తెలుసుకోవాలంటే ఐ సాయపడుతుంది. ఈ మనిషికి ఎంత ముప్పు ఉందో తెలుసుకోవాలంటే టీ సాయపడుతుంది. అనుమానం గట్టిగా ఉన్నప్పుడు రెండూ చేయించడం ఇందుకే.

మిగతా పరీక్షలు పక్క సాక్షులు

సీకే (క్రియాటిన్ కైనేజ్) అనే కండరాల ఎంజైమ్ ఏ కండరం దెబ్బతిన్నా రక్తంలో పెరుగుతుంది. అది బాగా పెరిగి ఉంటే ఒంటి కండరాల వాపును వెతకాలి. లివర్ పరీక్షల్లో ఉండే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కూడా కండరం దెబ్బతింటే పెరుగుతాయి. లివర్‌కు సమస్య అనుకుని అటువైపే చూస్తే కండరాల సంగతి మరుగున పడిపోతుంది.

బీఎన్‌పీ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చెప్పేది వేరే కథ. గుండె గదుల గోడల మీద ఒత్తిడి పెరిగి అవి సాగినప్పుడు ఇవి విడుదలవుతాయి. వాపు మొదట్లో గుండె ఇంకా బాగా పంప్ చేస్తుంటే ఇవి మామూలుగానే ఉండొచ్చు. వయసు, కిడ్నీ జబ్బు, లయ తప్పిన గుండె వీటిని ముందే పెంచి ఉంచవచ్చు.

సీఆర్‌పీ ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా పెరుగుతుంది. క్యాన్సర్‌ ఒక్కటే చాలు దాన్ని పెంచడానికి. గుండె గురించి అది చెప్పేది తక్కువ. మామూలు రక్తపరీక్షలోనే ఉండే లింఫోసైట్ల సంఖ్య మీద ఆసక్తికరమైన పరిశీలన ఒకటి ఉంది. గుండె వాపు వచ్చినవారిలో లింఫోసైట్లు (టీ కణాలు ఈ కోవలోవే) తగ్గి, న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లరక్తకణాలతో వాటి నిష్పత్తి మారింది. కానీ ఇన్ఫెక్షన్ వచ్చినా, స్టెరాయిడ్ వాడినా ఇదే జరుగుతుంది కాబట్టి దీన్ని ఒంటరిగా నమ్మలేం.

అందరికీ ప్రతి డోసుకూ పరీక్ష చేయాలా?

యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2022 మార్గదర్శకాలు మొదటి డోసుకు ముందు అందరికీ ఈసీజీ, ట్రోపోనిన్, బీఎన్‌పీ రకం పరీక్ష చేయాలని గట్టిగా చెబుతున్నాయి. రెండు, మూడు, నాలుగు డోసుల ముందు ఈసీజీ, ట్రోపోనిన్ మళ్లీ చూసే విషయం పరిశీలించాలని కాస్త మెత్తగా చెబుతున్నాయి. ఈ రెండో మాట దగ్గరే అభిప్రాయభేదాలు.

వద్దనేవారి వాదన లెక్కల్లో చూద్దాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవే. వెయ్యిమందిలో పదిమందికి గుండె వాపు వస్తుందనుకుందాం. పరీక్ష వారిలో తొమ్మిది మందిని పడుతుంది. జబ్బు లేని 990 మందిలో పదోవంతు మందికి వేరే కారణాలతో ట్రోపోనిన్ గీత దాటి ఉందనుకుంటే, 99 మందికి తప్పుడు అలారం మోగుతుంది. మొత్తం 108 మందిని పిలిస్తే నిజంగా జబ్బున్నవారు తొమ్మిది మంది, అంటే పన్నెండు మందిలో ఒకరు. మిగతావాళ్లకు ఎమ్మారైలు, యాంజియోగ్రామ్‌లు, నిద్రలేని రాత్రులు. అన్నిటికన్నా ముఖ్యంగా, వారి క్యాన్సర్ మందు ఆలస్యమవుతుంది.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. గీత దాటిందా అని కాకుండా, తన పాత అంకెతో పోలిస్తే బాగా పెరిగిందా అని అడుగుదాం. అలా చూస్తే జబ్బు లేనివారిలో నూటికి ఇద్దరికే అలారం మోగిందనుకుంటే, తప్పుడు అలారాలు 20కి పడిపోతాయి. పిలిచిన 29 మందిలో తొమ్మిది మందికి నిజంగా జబ్బు ఉంటుంది. మూడింట ఒకరు. రక్తం అదే, పరీక్ష అదే. పోల్చింది దేనితో అన్నదే మారింది.

కావాలనేవారి వాదన సమయం మీద నిలబడుతుంది. 126 మంది పేషెంట్లను చూసిన 2020 నాటి అధ్యయనంలో, ఆస్పత్రిలో చేరిన 24 గంటల్లోపు, ఈ వాపును అణిచే మందు అయిన స్టెరాయిడ్ మొదలైనవారిలో 7 శాతం మందికి తీవ్ర సమస్యలు వచ్చాయి. 24 నుంచి 72 గంటల మధ్య మొదలైతే 34 శాతం, ఇంకా ఆలస్యమైతే 85 శాతం. నీరసం, ఆయాసం క్యాన్సర్ పేషెంట్లలో రోజూ ఉండేవే కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూస్తే పుణ్యకాలం గడిచిపోతుందని వీరి భయం.

దీనిలోనూ ఒక చిక్కు ఉంది. ఇమ్యునోథెరపీ మందులు కొన్ని మూడు వారాలకొకసారి, కొన్ని ఆరు వారాలకొకసారి ఇస్తారు. ఆరు వారాలంటే 42 రోజులు. జబ్బు బయటపడే మధ్యస్థ సమయం 34 రోజులని పైన చూశాం. డోసుతోపాటే పరీక్ష అనే పద్ధతిలో రెండో రక్తం తీసేలోపే జబ్బు వచ్చేసే అవకాశం సగానికి పైనే. తీవ్రమైన రకం రోజుల్లో ముదిరిపోతుంది కాబట్టి మూడు వారాలు కూడా ఒక్కోసారి ఎక్కువే. నిన్న నార్మల్ వచ్చింది కదా అని ఇవాళ్టి ఛాతీ నొప్పిని వదిలేయకూడదు. రెండు మందులు కలిపి తీసుకుంటున్నవారికి, ముందే గుండె జబ్బు ఉన్నవారికి తరచుగా పరీక్షలు చేయడం సబబే అనిపిస్తుంది. మిగతావారి విషయంలో ఆధారాలు ఇంకా తేలలేదు.

అంకె పెరిగాక ఏం జరుగుతుంది

కార్డియో-ఆంకాలజీ (క్యాన్సర్ పేషెంట్ల గుండె సమస్యలు చూసే విభాగం) నిపుణుల అంతర్జాతీయ సంఘం రూపొందించిన ప్రమాణాల ప్రకారం, బయాప్సీ లేకుండా ఈ జబ్బును ఖాయం చేయాలంటే ట్రోపోనిన్ కొత్తగా పెరగడం ఒక్కటే చాలదు. గుండెపోటు, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన వాపు కావని తేల్చుకోవాలి. ఆపైన ఎమ్మారైలో స్పష్టమైన మార్పులైనా ఉండాలి, లేదా లక్షణాలు, ఈసీజీలో కొత్త లయ దోషాలు, పంపింగ్ తగ్గడం, ఒంటి కండరాల వాపు లాంటి వాటిలో కనీసం రెండైనా కలవాలి.

అనుమానం బలపడితే ఇమ్యునోథెరపీ ఆపి, పెద్ద మోతాదులో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కిస్తారు. లొంగకపోతే రోగనిరోధక వ్యవస్థను అణిచే అబటాసెప్ట్, రుక్సోలిటినిబ్ లాంటి మందుల వైపు చూస్తారు. ఈ రెండూ కలిపి తొందరగా ఇచ్చి, ఊపిరి కండరాలను కూడా కనిపెట్టుకుని ఉన్న ఒక ఫ్రెంచ్ బృందం తమ 40 మంది పేషెంట్లలో మరణాలు 60 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయని 2023లో ప్రకటించింది. సంఖ్య చిన్నది, పోలిక పాత పేషెంట్లతో, కాబట్టి పెద్ద ట్రయల్స్ ఫలితాలతో సరిచూడాల్సిందే. అయినా ఆశ పుట్టించే అంకె.

ఎవరు కొట్టారో చెప్పే పరీక్ష కోసం వెతుకులాట ఇంకోవైపు సాగుతోంది. దాడి చేస్తున్న టీ కణాలు గుండెలోని ఆల్ఫా-మయోసిన్ అనే ప్రొటీన్‌ను గురిపెడుతున్నాయని 2022లో తేలింది. టీ కణాలకు సొంతవాళ్లెవరో నేర్పే థైమస్ గ్రంథిలో ఈ ప్రొటీన్ కనిపించదు, అందుకే అవి దాన్ని పరాయిదనుకుంటాయి. ఆ టీ కణాలను రక్తంలో ముందే గుర్తించగలిగితే గుండె కణం పగలకముందే సంగతి తెలుస్తుంది. మామూలు ల్యాబ్‌లో ఇంకా ఆ పరీక్ష లేదు.

అప్పటిదాకా స్టెరాయిడ్ తగ్గించే ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ ట్రోపోనినే దిక్కు. మన రెండో ఆవిడనే తీసుకోండి. చికిత్స మొదలయ్యాక అంకె 61 నుంచి 40కి, 24కి, 15కి దిగింది. ఆయాసం పోయింది, ఇంటికి వెళ్లారు. స్టెరాయిడ్ బిళ్లలు సగానికి తగ్గించాక వారం తిరిగేసరికి 33. ఒంట్లో హాయిగానే ఉందంటున్నారు. అయినా డాక్టరు మోతాదు తగ్గించడం ఆపి, మళ్లీ పెంచి, మూడు రోజుల్లో ఇంకోసారి రక్తం ఇవ్వమంటారు.